నలభైకి నలభై

ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో, కంప్యూటర్ బోధన చెప్పే మాస్టారి గది. మధ్యాహ్నం మూడున్నర. ఆయన బల్లకు ఇవతల చివరి ఏడాది విద్యార్థిని ఒకతె నిలబడి ఉంది.

"ఆ కాగితం మీద సంతకం పెట్టకండి సార్."

"ముందు గొంతు తగ్గించు."

"తగ్గిస్తే మీరు వినరు. పొద్దున తగ్గించే అడిగాను, తర్వాత రమ్మన్నారు. ఒంటిగంటకి తగ్గించే అడిగాను, అన్నం తిననివ్వవా అన్నారు. ఇప్పుడు మూడున్నర. నాలుగింటికి ప్రిన్సిపాల్ గారు వెళ్ళిపోతారు. ఇంక తగ్గించడానికి టైము లేదు సార్."

"కూర్చో."

"కూర్చోను."

"అయితే నిలబడు. నిలబడే చెప్పు. తీసేస్తున్నది నిన్ను కాదు కదా, మధ్యలో నీకేం నొప్పి?"

"పిచ్చుకని తీసేస్తున్నారు."

"పిచ్చుకేమిటి? ఇదేమన్నా అడవా? పేరుతో చెప్పు."

"పేరు మీ కాగితంలో ఉందిగా సార్. మాకు రెండేళ్ళుగా అది పిచ్చుకే. మూలన కూర్చుంటుంది. బెంచీ కాస్త గట్టిగా జరిపితే ఉలిక్కిపడుతుంది. అలాంటిదాన్ని పట్టుకుని దొంగ అని రాశారు."

"దొంగ అని ఎక్కడ రాశాను? 'ఉద్దేశపూర్వకంగా' అని రాశాను."

"తేడా ఏమిటి సార్?"

"తేడా... తేడా ఉంటుంది. అసలు ఏం జరిగిందో తెలిసి మాట్లాడుతున్నావా, స్నేహం కొద్దీ ఊగిపోతున్నావా?"

"తెలుసు."

"ఏం తెలుసు? విను. మీరు పాఠాలు చెప్పడం నేర్చుకోవడానికి తలా ఒక బడికి వెళ్తున్నారు. హాజరు వేయడానికి తలా ఒక లాగిన్ ఇచ్చాం. మంగళవారం పదకొండుంబావుకి ఎవడో ఈ పిల్ల లాగిన్‌తో లోపలికెళ్ళాడు. ఏడో తరగతి మొత్తం ఎత్తుకుపోయాడు. పేర్లు, ఫొటోలు, అమ్మానాన్నల ఫోన్ నంబర్లు. సాయంత్రంలోపు తొమ్మిది ఇళ్ళకి ఫోన్లు. 'మీ పాప మెట్ల మీంచి పడింది, ఆపరేషన్ చేస్తున్నాం, వెంటనే డబ్బు పంపండి' అని."

"తెలుసన్నాను కదా సార్."

"తెలిస్తే ఇంత తాపీగా ఎలా నిలబడ్డావు? ఒకావిడ దర్జీ కొట్లో పనిచేస్తుంది. ఫోను వినగానే చేతిలో కత్తెర పట్టుకుని అలాగే రోడ్డు మీద పడింది. నాలుగు ఆస్పత్రులు తిరిగింది ఆ కత్తెరతోనే. కూతురేమో బళ్ళో శుభ్రంగా డ్రాయింగ్ వేసుకుంటోంది. నిన్న ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని చెప్పింది. 'ఒక గంటసేపు నాకు కూతురు లేదండీ' అంది."

"ఆ మాట వద్దు సార్."

"ఎందుకు వద్దు? వినాలి. ఒక గంటసేపు—"

"వద్దన్నానా! ఇంకోసారి అనకండి."

"ఓహో. నామీదే కళ్ళెర్రజేస్తున్నావా?"

"లేదు సార్. లేదు. కోడ్ సంగతి చెప్పండి."

"ఏముంది చెప్పడానికి? పాస్‌వర్డ్ ఒక్కటే ఉంటే లోపలికి పోలేరు. ఫోనుకి ఆరంకెల కోడ్ వస్తుంది. అది చదివి చెప్పేవాళ్ళుంటేనే బయటివాడు లోపలికి రాగలడు. కాబట్టి చదివి చెప్పింది."

"చెప్పానని అందా?"

"చెప్పలేదనీ అనలేదుగా! అరగంట కూర్చోబెట్టాం. బుజ్జగించాం, బెదిరించాం. నేల చూపులు తప్ప ఒక్క ముక్క రాలేదు. తప్పు చేయనిదానికి నోరెందుకు పడిపోతుంది?"

"నోరున్నవాళ్ళంతా తప్పు చేయనివాళ్ళేనా సార్?"

"వంకర మాటలొద్దు."

"పోనీ, చెప్పిందే అనుకోండి. మోసపోయి చెప్పి ఉండొచ్చుగా. మోసపోవడం వేరు, దొంగలతో కలవడం వేరు."

"అచ్చం ఇదే మాట నేనూ అన్నాను. నమ్ము, నమ్మకపో. పాపం తెలీక చెప్పిందేమో, గట్టిగా హెచ్చరించి వదిలేద్దాం అన్నాను. ప్రిన్సిపాల్ గారు ఆ పిల్ల మార్కులు తియ్యమన్నారు. పోయిన నెల సైబర్ భద్రత పరీక్ష జరిగింది చూడు, అందులో ఎన్నో తెలుసా?"

"నలభైకి నలభై."

"నీకెలా తెలుసు?"

"మా నలభై మందికీ అంతేగా."

"అంతే! ఒక్కరికి ఒక్క మార్కు తగ్గలేదు. ఇంకే కళాశాలైనా చూపించమను. ఏడో ప్రశ్న ఏమిటి? ఫోనుకి వచ్చిన కోడ్ ఎవరైనా అడిగితే ఏం చేయాలి? 'ఎవరికీ, ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పరాదు.' టిక్కు పెట్టింది. స్పష్టంగా పెట్టింది. తెలిసినదాన్ని తెలీక చేశాననడానికి ఎలా కుదురుతుంది? అందుకే 'ఉద్దేశపూర్వకంగా' అని రాయాల్సి వచ్చింది. అదే ఏ సున్నానో వచ్చి ఉంటే, అమాయకురాలు అని నేనే అడ్డం పడేవాణ్ణి."

"సున్నా వస్తే అడ్డం పడేవారా?"

"పడేవాణ్ణి."

"ఒట్టు?"

"పరాచికాలా?"

"అయితే ఇప్పుడు పడండి. ఆ పరీక్ష అది రాయలేదు."

"ఏమిటి?"

"నేను రాశాను. దానిదొక్కటే కాదు. నలభై మందివీ నేనే రాశాను సార్."

"తలుపు వెయ్."

"వెయ్యను."

"వెయ్యమంటున్నానా!"

"మీరు ఆశ్చర్యపోలేదు సార్. నేను చూస్తూనే ఉన్నాను. ఇంత పెద్ద మాట చెబితే మీకు మొట్టమొదట తలుపు గుర్తొచ్చింది."

"నేను... నాకేం తెలుసు? ఎవరు రాశారో నేనెలా చూస్తాను?"

"పరీక్ష రోజు, శుక్రవారం రెండింటికి మెసేజ్ పెట్టారు. ఐదింటికల్లా నూటికి నూరు శాతం అయిపోవాలి, ఎలా చేస్తారో మీ ఇష్టం, అని. మీ ఇష్టం అన్నారు సార్. మా ఇష్టం ఏముంటుంది? ల్యాబ్ తాళంచెవి మీ సొరుగులో ఉంది. దుమ్ము పడకుండా కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పారు, మా చేతులు పడకుండా తలుపుకి తాళం వేశారు."

"పన్నెండింట్లో మూడే పనిచేస్తాయి! ఆ మూడూ మీరు పాడుచేస్తే సమాధానం చెప్పుకోవాల్సింది నేను!"

"అందుకని మౌసు బొమ్మ నల్లబల్ల మీద సుద్దముక్కతో గీశారు. భాగాలు గుర్తించండి అన్నారు. ఈత కొట్టడం ఎలాగో నోట్సు చెప్పినట్టుంది సార్ మీ పాఠం."

"హద్దు మీరుతున్నావు."

"మీరుతున్నాను. పెద్దక్క తెలుసా మీకు? మా క్లాసులో అందరికంటే పెద్దావిడ, ముప్పై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారి కూడా మౌసు పట్టుకోలేదు. పరీక్షతోపాటు సర్వే ఒకటి పెట్టారు చూడండి, కంప్యూటర్ ద్వారా పాఠం చెప్పడానికి మీకెంత ఉత్సాహం, అని? ఆవిడ తరఫున 'అత్యంత ఉత్సాహం' అని పెట్టాను. ఆవిడకి చూపిస్తే ఏమందో తెలుసా? 'నాకంత ఉందా చెల్లీ?' అంది."

"నవ్వొస్తోందా నీకు?"

"ఆ రోజు వచ్చింది. అక్కడున్నవాళ్ళం నవ్వుకున్నాం. మొదటి ప్రశ్న, మీ పాస్‌వర్డ్ ఇతరులకు చెప్పవచ్చునా? చెప్పరాదు అని టిక్కు పెట్టాను. నలభై సార్లు పెట్టాను సార్, నలభై మంది చెప్పిన పాస్‌వర్డులతో లోపలికెళ్ళి. వరండాలో నా ఫోను పట్టుకుని కూర్చుని, వేళ్ళు నొప్పులు పుట్టేదాకా. నాలుగూ యాభైకి అయిపోయింది. మీరొచ్చి నా భుజం తట్టి 'శభాష్ కీబోర్డూ' అన్నారు. మా క్లాసువాళ్ళు నాకు పెట్టిన పేరు మీకెలా తెలిసింది? నన్నొక్కదాన్నే ఎందుకు తట్టారు?"

"అది... ఊరికే. దారిలో కనబడ్డావని."

"సార్, గుమాస్తానండీ. లోపలికి రావచ్చా?"

"ఏమిటి గుమాస్తా గారూ?"

"ప్రిన్సిపాల్ గారు ఆ కాగితం తెమ్మంటున్నారండీ. కారు బయటికి తీయించారు."

"ఐదు నిమిషాలన్నానని చెప్పండి."

"ఆ మాట ఇందాకే చెప్పానండీ. ఈ అమ్మాయి ఏడుస్తోందా ఏమిటి?"

"ఏడవడం లేదండీ. అరుస్తున్నాను."

"ఆఁ, అరుపే అయితే ఫరవాలేదు. కాకపోతే తలుపేసుకోండి, అవతల వరండాలో పరీక్ష ఫీజు కట్టేవాళ్ళంతా వరస వదిలేసి ఇటే చెవులు పెట్టారు."

"మీరు వెళ్ళండి గుమాస్తా గారూ. తలుపు వేసి వెళ్ళండి."

"అలాగేనండీ."

"ఇప్పుడు నేను చెప్పేది నెమ్మదిగా విను. నా రిపోర్టు రేపు పై ఆఫీసుకి వెళ్తోంది. నూటికి నూరు శాతం మందికి సైబర్ భద్రత వచ్చు, నూటికి నూరు శాతం మందికి కంప్యూటర్ బోధన అంటే ప్రాణం, అని. నువ్విప్పుడు బయటికెళ్ళి నేను రాశానంటే ఏమవుతుంది? నీ సర్టిఫికెట్ ఆగిపోతుంది. పెద్దక్కది ఆగిపోతుంది. ముప్పై తొమ్మిది మందివీ ఆగిపోతాయి. నోరు మూసుకుంటే ఒక్క పిల్ల పోతుంది. ఒకటి ఎక్కువా, నలభై ఎక్కువా?"

"లెక్కలు నా సబ్జెక్టు సార్. నాకు నేర్పకండి."

"బతకడం నేర్పుతున్నాను."

"పిచ్చుక బతుకు ఎవరు నేర్పాలి? ఆ కాగితం వెంట ఉంటే ఏ బడి గేటూ దాన్ని లోపలికి రానివ్వదు. జీవితంలో. వాళ్ళ నాన్న లారీ తోలుతాడు. కూతురు టీచరు అవుతుందని లారీ వెనక రాయించుకున్నాడు సార్, 'టీచరమ్మ నాన్న' అని. అవ్వకముందే రాయించేశాడు. ఇప్పుడు ఆయన రంగు కొట్టుకోవాలి దాని మీద."

"నేనేం చేయను! నన్నేం చేయమంటావు? నాకెవరు నేర్పారు ఇదంతా? పంతొమ్మిదేళ్ళు చరిత్ర చెప్పాను. బోర్డు మీద ఒక్క గీత గీస్తే యుద్ధం కళ్ళముందు నిలిచేది. ఒకరోజు పిలిచి, చరిత్ర చెప్పేవాళ్ళు ఎక్కువయ్యారు, మీరు కంప్యూటర్ చెప్పండి అన్నారు. ఐదు రోజుల శిక్షణ. మూడోరోజు కరెంటు లేదు. మిగతా నాలుగు రోజులూ వెనక వరసలో కూర్చుని పక్కవాడు ఏది నొక్కితే అది నొక్కాను. మీ ముందు తప్పు నొక్కితే నవ్వుతారు. అందుకని తాళం వేశాను. చాలా? విన్నావా? ఇదీ సంగతి."

"ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే నవ్వేవాళ్ళం కాదు సార్. మూడు కంప్యూటర్ల చుట్టూ నలభై ఒక్కమందిమీ కూర్చునేవాళ్ళం."

"ఇప్పుడేం లాభం."

"ఇప్పుడు లాభం ఉంది. ఆ పరీక్ష పిచ్చుక రాయలేదని మీరు ఒప్పుకోండి. నా పేరు రాసుకోండి. ఉద్దేశపూర్వకంగా అన్న మాట కొట్టేయండి."

"కొట్టేస్తే? కొట్టేసినా కథ మారదు. బుర్ర పెట్టి ఆలోచించు. పరీక్ష నువ్వే రాశావనుకుందాం. ఆ పిల్లకి ఏమీ తెలీదనుకుందాం. కానీ ఆ పిల్ల లాగిన్‌లో ఉన్న ఫోనుకి కోడ్ వెళ్ళిందా? వెళ్ళింది. ఆ ఫోను పట్టుకున్న మనిషి వాడికి చదివి చెప్పిందా? చెప్పింది. తెలివితో చెప్పినా, తెలివితక్కువతనంతో చెప్పినా, తొమ్మిది ఇళ్ళలో ఏడుపులు పెట్టించింది ఆ నోరే. దానికి శిక్ష పడొద్దా? నువ్వే చెప్పు."

"పడాలి."

"ఆ. ఇప్పుడు దారికొచ్చావు. బల్ల మీద నీవైపున్న కలం ఇటివ్వు."

"నంబరు చూశారా సార్?"

"ఏ నంబరు?"

"కోడ్ వెళ్ళిన నంబరు. విచారణ అని మూడు రోజులు కూర్చున్నారు. మీరు, ప్రిన్సిపాల్ గారు, ఇంకో ఇద్దరు. నలుగురిలో ఒక్కరైనా ఆ నంబరుకి ఒక్కసారి ఫోను చేశారా?"

"చేయడం దేనికి? ఆ పిల్ల లాగిన్‌లో ఉన్నది ఆ పిల్ల నంబరే కదా."

"చేయండి."

"టైము లేదు."

"ఒక్క నిమిషం పట్టదు సార్. మీ ముందున్న ఆ లాగిన్ వివరాల అచ్చు కాగితంలోనే ఉంది, రెండో వరస చివర. చేయండి. ఆ తర్వాత మీరు ఎక్కడ సంతకం పెట్టినా నేను మాట్లాడను."

"నీ మొండితనం... ఎక్కడ? ఇదా? ఉండు, కళ్ళజోడు. ఆ. తొమ్మిది... ఆరు... ఆరు... ఇదుగో, చేశాను. మోగుతోంది. సరేనా? మోగుతోంది. ఎవరిదా ఫోను? వరండాలో ఎవరో..."

"వరండాలో కాదు సార్. నా సంచిలో."

"నీ సంచిలోనా? ఆ పిల్ల ఫోను నీ దగ్గరెందుకుంది?"

"పిచ్చుక ఫోను పిచ్చుక దగ్గరే ఉంది. ఇది నాది. ఆ రోజు పరీక్ష తెరవాలంటే ఒక్కొక్కరికీ కోడ్ రావాలి. నలభై మంది నలభై చోట్ల ఉన్నారు. ఒక్కొక్కరికీ ఫోను చేసి కోడ్ అడుగుతూ కూర్చుంటే మీ ఐదింటికి అవదు. నంబరు మార్చడానికి మాత్రం పాస్‌వర్డ్ ఒక్కటి చాలు, అందుకని అందరి నంబర్లూ తీసేసి నా నంబరు పెట్టాను. ఒకే నంబరు నలభై చోట్ల పెడుతుంటే ఇదేమిటని ఒక్క మనిషీ అడగలేదు, ఆ యంత్రమూ అడగలేదు."

"మళ్ళీ మార్చలేదా?"

"సోమవారం మారుద్దామనుకున్నాను. సోమవారానికి అందరూ బడులకి వెళ్ళిపోయారు. పరీక్షకీ హాజరుకీ లాగిన్ ఒకటే కాబట్టి, అప్పట్నుంచి హాజరు వేయాలంటే అందరికీ నేనే దిక్కు. 'కీబోర్డూ, నా కోడ్ చెప్పవే.' 'కీబోర్డూ, త్వరగా, హెడ్‌మాస్టర్ చూస్తున్నాడు.' పళ్ళు తోముకుంటూ చదివాను. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ చదివాను. ఎవరు, ఏమిటి అని ఆలోచించేదాన్ని కాదు. నంబరు వచ్చేది, నోరు చదివేది."

"అయితే మంగళవారం ఆ పిల్ల ఫోనుకి కోడ్..."

"రాలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ రాలేదు."

"మరి ఆ మాట చెప్పదేం? నాకు రాలేదు అంటే సరిపోయేదిగా! అరగంట కూర్చోబెట్టాం, ఒక్క మాట!"

"నేనూ అదే అడిగాను. 'నువ్వు నా కోసం రాశావు కదే' అంది. అంతే అంది. దానికి మొదటి రోజునుంచీ తెలుసు సార్. తెలిసి మూడు రోజులు తల వంచుకుని కూర్చుంది. నాకూ తెలుసు. తెలిసి మూడు రోజులు తల ఎత్తుకుని తిరిగాను."

"మరి ఇంతసేపూ నామీద అరిచావు కదే! ల్యాబ్ అన్నావు, తాళమన్నావు, సుద్దముక్కన్నావు..."

"అవన్నీ నిజమే. కానీ మీమీద అరవడం తేలిగ్గా ఉంది సార్."

"ఆగు. నా బుర్ర పనిచేయడం లేదు. నీ నంబరు వాడికెలా దొరికింది?"

"వెతుక్కోనక్కర్లేదు. మావాళ్ళంతా మర్చిపోకుండా ఉండాలని బడిలో కంప్యూటర్ పక్కనే చీటీ అంటించుకున్నారు. పైన పాస్‌వర్డ్, కింద 'కోడ్ కోసం' అని నా నంబరు. పిచ్చుక చీటీ కిటికీ పక్కన ఉంది. దారిన పోయేవాడికి కూడా కనబడేంత అందంగా, గుండ్రంగా రాసింది, పాపం."

"అయితే మంగళవారం... పదకొండుంబావుకి..."

"క్లాసులో ఉన్నాను. భిన్నాలు చెప్తున్నాను. ఎవరిదో మగగొంతు, ఎంతో మర్యాదగా. 'టీచర్ గారూ, మీ స్నేహితురాలి బడి ఆఫీసునుంచండీ, ఆవిడ పాఠంలో ఉన్నారు, హాజరు మమ్మల్ని వేసేయమన్నారు, కోడ్ మిమ్మల్ని అడగమన్నారు' అన్నాడు. టీచర్ గారూ అన్నాడు సార్. ఆ బళ్ళో నన్ను ఇప్పటిదాకా ఎవ్వరూ అలా పిలవలేదు, ఏయ్ ట్రైనింగమ్మాయ్ అనే పిలుస్తారు."

"నువ్వు... నలభై సార్లు ఆ ఏడో ప్రశ్నకి టిక్కు పెట్టిన నువ్వు..."

"పిల్లల్ని ఒక్క నిమిషం ఆగమని, ఆరంకెలూ వాడు రాసుకోవడానికి వీలుగా రెండేసి రెండేసి చొప్పున చదివాను, చదివాక, 'ఇంకేమైనా కావాలా సార్' అని అడిగాను."